గంగక్క గానుగ డాట్ ఇన్

నవంబర్ 3, సోమవారం

నా సైట్ తెరిస్తే బావ మొకం వచ్చింది.

రెండు చేతులు జోడించినాడు. తెల్ల అంగీ, మెడలో కండువా, వెనక పచ్చటి చేను. సోమందేపల్లె చుట్టుపక్కల అంత పచ్చటి చేను యాడుండాదో నాకైతే తెలీదు. కింద "మీ రాఘవేంద్ర రెడ్డి, మీ ఇంటి మనిషి" అని పెద్దక్షరాలు. ఇంకా కింద ఆయన ఫోన్ నెంబరు, చివర మూడు తొమ్మిదులు.

ఫోన్ ఆపి మల్ల ఆన్ చేసినా. అదే మొకం. గానుగ షెడ్డులోకి పోయి లాప్‌టాప్‌లో చూసినా. అదే మొకం, ఇంకా పెద్దగా.

శెనిక్కాయ నూనె లేదు, నువ్వుల నూనె లేదు, కుసుమ నూనె లేదు. మా గానుగ తిప్పే గంగక్క దాని పక్కన నిలబడి నగుతాండే ఫొటో లేదు. ఆర్డర్ పెట్టే బటన్ లేదు. ఆరేండ్లు! ప్రతి సీసా మీద "గంగక్క గానుగ డాట్ ఇన్" అని లేబుల్ అంటించి, బెంగుళూరుకు, హైదరాబాదుకు, మైసూరుకు పంపి పంపి తెచ్చుకున్న పేరు. ఎలక్షన్ నోటిఫికేషన్ కూడా ఇంకా రాలేదు, అప్పుడే జెడ్‌పీటీసీ అయిపోయినట్ల నగుతాండాడు, నా పేరు మీద కూర్చోని.

మొగుని అన్న గదా అని ఎన్ని ఓర్చుకున్నా! చాలు.

నవంబర్ 4

పొద్దున అన్నదమ్ములిద్దరూ ఉగ్గాని తింటాండారు. నేను పోయి ముందర నిలబడినా.

"బావా, నా సైట్లో మీ ఫొటో ఏంటికుండాది?"

ఆయనకు కోపమే రాలేదు. అదే నాకు ఇంకా మంట. "ఏమ్మా, దానికింత గాబరా పడతావు? కొత్త పేరుతో పెడితే ఎవరు చూస్తారు? నీ దానికి దినామూ జనం వస్తాండారంట గదా. నాలుగు నెల్లు. ఎలక్షన్ కాగానే నీది నీకే."

"నాలుగు నెల్లు ఆర్డర్లు ఎట్ల వస్తాయి?"

"ఫోన్లో తీసుకో. ఇంట్లోది ఇంట్లోవాళ్ళం వాడుకుంటే తప్పా?"

ఇంట్లోదంట! గానుగ పెట్టేటప్పుడు ఇంట్లోది కాలేదు. "రెడ్ల కోడలు నూనె అమ్ముకుంటాందంట" అని ఊరంతా కూసినప్పుడు ఇంట్లోది కాలేదు. పేరు వచ్చినాక ఇంట్లోదైంది.

నా మొగుడు ప్రవీణ్ ప్లేటులోంచి తల ఎత్తలేదు. ఇంకో మిరపకాయ బజ్జీ వేసుకున్నాడు.

తప్పు నాదీ ఉండాది. ఆరేండ్ల కింద సైట్ పేరు కొనేటప్పుడు "ఇంటి పెద్ద పేరు మీద పెడదాంలే" అని ప్రవీణ్ అంటే సరే అన్నా. ఈ ఇంట్లో అన్నీ అట్లనే గదా. ట్రాక్టర్ బావ పేరు మీద. గ్యాస్ బావ పేరు మీద. బోరు కరెంటు సర్వీసు ఇంకా మామ పేరు మీదే ఉండాది, మామ పోయి పదకొండేండ్లు. నీళ్ళు వస్తానే ఉండాయి గదా అని ఎవరూ మార్చలేదు. నేనూ అట్లే అనుకున్నా. ఎవరి పేరు మీదుంటే ఏం, పని నడిస్తే చాలు అనుకున్నా. నా బుద్ధికి చెప్పు తీసుకోని కొట్టాల.

ప్రవీణ్ వాళ్ళన్నతో మాట్లాడతాడు. నిదానంగా మాట్లాడే మనిషి. అందరి ముందర ఏమీ అనడు.

నవంబర్ 5

హోస్టింగ్ కంపెనీకి ఫోన్ చేసినా. ఏడాదేడాది వాళ్ళకు కట్టేది నేను, నా కార్డు మీద. అర్ధగంట పాట వినిపించి ఒకాయన ఎత్తినాడు.

"మీ హోస్టింగ్ యాక్టివ్ మేడం. ఫైల్స్ అన్నీ సేఫ్ మేడం."

"సేఫ్ అయితే మా బావ మొకం ఏంటికి కనపడ్తాంది?"

"డొమైన్ మా దగ్గర లేదు మేడం. ఎవరో నేమ్‌సర్వర్లు మార్చారు మేడం. డీఎన్ఎస్ మీ రిజిస్ట్రార్ దగ్గర చూసుకోండి మేడం."

"తెలుగులో చెప్పప్పా."

"తెలుగులోనే చెప్తున్నా మేడం."

ఫోన్ విసిరికొట్టబోయి మల్ల ఆగినా. నాదే గదా ఫోను.

నాకు అర్థమైంది ఒకటే. వీళ్ళు చేతకానోళ్ళు. ఎవడో వచ్చి మార్చిపోతాంటే కండ్లప్పగించి చూస్తా కూర్చున్నారు. హోస్ట్‌ను మార్చేస్తే సరి. మంచి కంపెనీకి పోతే నా సైట్ నాకొస్తాది.

నవంబర్ 6

మూడు కంపెనీలకు ఫోన్ చేసినా. ముగ్గురూ ఒకటే పాట. అన్‌లిమిటెడ్ స్పేస్ అక్కా. అన్‌లిమిటెడ్ బ్యాండ్‌విడ్త్ అక్కా. తొంభైతొమ్మిది పాయింట్ తొమ్మిది అప్‌టైమ్ అక్కా. డొమైన్ ఫ్రీ అక్కా.

"బ్యాండ్‌విడ్త్ అంటే ఏందప్పా?" అని అడిగితే "అది అన్‌లిమిటెడ్ అక్కా" అంటాడు. అది కాదు నాయనా, అంటే ఏంది అంటే, "మీరు దాని గురించి ఆలోచించే పనే లేదు అక్కా" అంటాడు. పుట్టినప్పట్నుంచి వింటాండా ఈ మాట. నువ్వు ఆలోచించే పని లేదు, మేం చూసుకుంటాం అని. ఇట్ల చూసుకుంటారు!

నవంబర్ 8, శనివారం

పెనుకొండకు పోయినా, ఎలిజబెత్ మేడం దగ్గరికి. కాలేజీలో కంప్యూటర్లు చెప్తాది. మూడేండ్లుగా మా నువ్వుల నూనె వాడుతాది. నా మాట అంతా విని, ఒక తెల్లకాగితం తీసుకోని రెండు డబ్బాలు గీసింది.

"ఇది హోస్టింగ్. అంటే స్థలం. నీ ఫొటోలు, రేట్లు, ఆర్డర్లు అన్నీ ఉండే గది. వేరేవాళ్ళ కంప్యూటర్లో నువ్వు బాడిగకు తీసుకున్న గది. ఇది డొమైన్. అంటే పేరు. పేరును రిజిస్ట్రార్ అనేవాళ్ళ దగ్గర రాయించుకుంటారు. పేరు కొట్టినోడు ఏ గదికి పోవాల్నో చెప్పే బాణం గుర్తు ఉండాదే, అదే నేమ్‌సర్వర్. నీ గదికేమీ కాలేదు నందినీ. సరుకంతా లోపలే ఉండాది. బాణం మాత్రం మీ బావ గదికి తిప్పినారు."

"హోస్ట్‌ను మారిస్తే?"

"గది మారుతాది. బాణం అట్లనే ఉంటాది."

"ఆరేండ్లు బాడిగ కట్టినా గదా మేడం. పేరు నాది కాదా?"

"ఎవరు రాయించుకుంటే వాళ్ళది."

ఆమె మీద కూడా కోపమొచ్చింది. ఆమె ఏం చేస్తాది పాపం, ఉండేది ఉన్నట్ల చెప్పింది. కానీ అంత నిమ్మళంగా చెప్పల్నా?

తర్వాత కొత్త హోస్ట్‌ను ఏమేం అడగల్నో రాసిచ్చింది. కాగితం పోతే కష్టమని ఈడ రాసుకుంటాండా.

బ్యాండ్‌విడ్త్ అంటే నెలకు మన గదిలోంచి జనాలకు ఎంత సరుకు బయటికి పోవచ్చో ఆ లెక్క. ఒక్కొక్కరు వచ్చి ఫొటోలు చూసినప్పుడంతా కొంచెం పోతాది. అన్‌లిమిటెడ్ అనేది ఉత్త మాట, సన్నక్షరాల్లో "న్యాయమైన వాడకం వరకే" అని ఉంటాది, న్యాయం ఎంతో వాళ్ళే చెప్తారు. అప్‌టైమ్ తొంభైతొమ్మిది పాయింట్ తొమ్మిది అంటే బ్రహ్మాండమని నేననుకుంటి, ఏడాదికి దగ్గర దగ్గర తొమ్మిది గంటలు మూసుకున్నా వాళ్ళు మాట తప్పినట్ల కాదంట. ఎస్ఎస్ఎల్ అంటే అడ్రసు పక్కన తాళం గుర్తు, అది లేకుంటే జనం కార్డు నెంబరు కొట్టకూడదు, ఈ కాలంలో అది ఊరికే ఇయ్యాల, దానికి వేరేగా అడిగినాడంటే వాడు మోసగాడు. మొదటేడు చవగ్గా ఇచ్చి రెండో ఏడు మూడింతలు చేస్తారు, కాబట్టి రెన్యువల్ రేటు ముందే అడగాల.

షేర్డ్ హోస్టింగ్ నాకు ఒక్కసారికే అర్థమైంది. ఒకే కంప్యూటర్లో వందమంది సైట్లు. మా నాయన వాళ్ళు నలుగురన్నదమ్ములు ఒక బాయికి వంతులేసుకున్నారు. మా చిన్నాయన తన వంతు దాటి మోటరు తిప్పితే మా చేను ఎండేది. అదే కత. చిన్న అంగడికి షేర్డ్ చాలు గానీ, పక్కవాడు ఎక్కువ లాగితే ఏం చేస్తారో అడుగు అనింది.

అన్నిటికంటే ముందు బ్యాకప్ అనింది. అంటే నకలు. దినామూ తీస్తారా, వారానికొకసారా, అడిగితే ఇస్తారా. "వాళ్ళు తీస్తాంటారులే అని కూర్చోవద్దు, నీ దగ్గర ఒకటి పెట్టుకో" అని ఆడనే కూర్చోబెట్టి నా గదిలోది అంతా పెన్‌డ్రైవ్‌లోకి దింపించింది. ఆరేండ్ల ఆర్డర్లు, అడ్రసులు, గంగక్క ఫొటోలు, అన్నీ. పెన్‌డ్రైవ్‌ను జాకెట్లో పెట్టుకోని బస్సెక్కినా.

పేరు ఏ రిజిస్ట్రార్ దగ్గర కొన్నారో కూడా చూసి చెప్పింది. ఆడ కొన్నారని అందరికీ కనపడ్తాదంట, ఎవరు కొన్నారో మాత్రం దాచిపెడ్తారంట. దాచేదేముండాది, బావే గదా.

నవంబర్ 9

ప్రవీణ్ ఇంకా మాట్లాడలేదు. శెనిక్కాయల మార్కెట్ పని మీద తిరుగుతాండాడు. తీరిక చిక్కల్ల గదా.

నవంబర్ 11

ఈ పొద్దు నగినా. వారం తర్వాత మొదటిసారి.

బావ పేజీలో ఆయన నెంబరే గదా ఉండేది. బెంగుళూరు వాళ్ళు సీసా మీద అడ్రసు చూసి కొడతాండారు, బావ మొకం వస్తాంది, ఇదేదో ఓనరు అనుకోని ఫోన్ చేస్తాండారు. హాల్లో మండలం నాయకులు నలుగురు కూర్చోనుంటే ఫోన్ మోగింది. పెద్ద మనిషెవరో అనుకోని స్పీకర్లో పెట్టినాడు.

"హలో, గంగక్క గానుగనా? పోయిన సారి నువ్వుల నూనెలో అడుగున మడ్డి ఎక్కువుండె సార్. ఈసారి తేటది పంపండి."

నాయకులు పై కండువాలు నోటికడ్డం పెట్టుకున్నారు. నేను వంటింట్లో గోడ పట్టుకోని నగినా. దినానికి ఇరవై వస్తాండాయంట. ఒకామె "మీ గంగక్కకు ఇయ్యండి, ఆమెతోనే మాట్లాడతా" అని పట్టుబట్టిందంట.

సాయంత్రానికల్లా పేజీలో నెంబరు తీసేసినాడు. మొకం మాత్రం తియ్యలేదు.

నగు పోయి మల్ల మంట వచ్చింది. నెంబరు తియ్యడం ఎంత సులభం ఆయనకు! ఒక్క మాట చెప్తే చాలు. ఎవరికి చెప్తాండాడు? బావకు వాట్సాప్‌లో ఫొటో పంపేది కూడా రాదే.

నవంబర్ 12

మంచి హోస్ట్ ఒకటి దొరికింది. చిన్న కంపెనీ. ఫోనెత్తిన ఆమె నేనడిగిన దానికి సరిగ్గా బదులు చెప్పింది. అన్‌లిమిటెడ్ అనలేదు, నెలకింత అని లెక్క చెప్పింది. బ్యాకప్ దినామూ తీస్తారు, అడిగితే ఊరికే ఇస్తారు. రెన్యువల్ రేటు అడిగితే తడుముకోకుండా చెప్పింది. ఎక్కువే. అయినా నిజం చెప్పింది గదా.

ఇంక పేరు ఒకటి చేతికొస్తే చాలు.

నవంబర్ 13

బోంచేసినాక హాల్లో కూర్చోని రిజిస్ట్రార్ సైట్ తెరిచినా. పాస్‌వర్డ్ మర్చిపోయినారా అనే దాన్ని నొక్కినా. ఓటీపీ బావ ఫోన్‌కు పోతాది, పోతే ఆయన్ను అడుగుతా, ఇయ్యనంటే ఊరంతా వినేటట్ల అడుగుతా. అంతవరకు తెగించినా.

బావ ఈమెయిల్ కొట్టినా. అట్లాంటి అకౌంటే లేదనింది.

మల్ల కొట్టినా. లేదు.

కరెంటు బిల్లులకు, పంట బీమాకు ఇంట్లో ఒక ఈమెయిల్ ఉండాది, ఎప్పుడో ప్రవీణ్ చేసింది. ఊరికే అది కొట్టి చూసినా. అకౌంటుండాది. "చివర 41 ఉన్న నెంబరుకు ఓటీపీ పంపించాం" అనింది.

41.

బావ నెంబరుకు చివర మూడు తొమ్మిదులు.

ప్రవీణ్ ఎదురుగా దివాన్ మీద పడుకోని ఉండాడు. ఆయన రొమ్ము మీద ఫోన్ టింగుమనింది. తీసి చూసినాడు. నన్ను చూసినాడు.

"ఏమొచ్చింది?" అన్నా.

"ఏదో కంపెనీ మెసేజు."

"చదువు."

చదవలేదు. తెర మీద పది నిమిషాల గడియారం తిరుగుతాంది. తొమ్మిది. ఎనిమిది. నేను చెయ్యి చాపినా. ఆయన ఫోన్ కింద పెట్టలేదు, నెంబరూ చెప్పలేదు. ఫ్యాన్ తిరుగుతాంది. సున్నా అయింది.

నవంబర్ 14

ఏమీ రాయను.

నవంబర్ 15

రాయకుంటే తల పగిలిపోతాది.

పేరు బావ మీద లేదు. ఎప్పుడూ లేదు. ఆరేండ్ల కింద "ఇంటి పెద్ద పేరు మీద" అని నాతో అని, తన పేరు మీద కొన్నాడు. బాణం తిప్పింది ఆయన చేతులే. నెంబరు తీసేసింది ఆయన చేతులే. ఉగ్గాని తింటా తల ఎత్తని మనిషి, నిదానంగా మాట్లాడే మనిషి! పదిరోజులు "నేనేం చేసేది, అన్నకు చెప్తే వింటాడా" అని మొకం వేలాడేసుకోని తిరిగినాడు, నాకంటే ఎక్కువ బాధపడినట్ల. థూ!

"అప్పుడేంటికి అబద్ధం చెప్పినావు?" అంటే, "అన్న పేరు మీద అంటే నువ్వు అడగవు గదా, నా పేరు మీద అంటే నీ పేరు మీద ఏంటికి పెట్టకూడదు అంటావని" అన్నాడు. ఇంత నిజం పన్నెండేండ్ల కాపురంలో ఎప్పుడూ చెప్పలేదు.

"ఇప్పుడియ్యి" అన్నా.

"ఎలక్షన్ కానీ. అన్నకు మాటిచ్చినా."

"నాకిచ్చిన మాటో?"

"నీకేం మాటిచ్చినా?"

నిజమే. ఏమీ ఇయ్యలేదు. నేనే అనుకున్నా.

ఆ పేరు నాది. ఒక్కో సీసా తుడిచి, లేబుల్ అంటించి తెచ్చుకున్న పేరు. నా కష్టం. నన్ను ఒక్క మాట అడగల్ల గదా! అడిగితే ఇచ్చేదాన్నేమో కూడా. అడక్కుండా తీసుకున్నారు, అదీ నా కడుపుమంట.

నవంబర్ 17, సోమవారం

గంగక్క ఈ పొద్దు గానుగ తిప్పలేదు. స్విచ్చి వెయ్యకుండా వచ్చి నా బల్ల ముందర నిలబడింది.

"అమ్మా, నా పేరు కొడితే రెడ్డి మొకం వస్తాందంట గదా. మా వీధిలో ఆడోళ్ళంతా నగుతాండారు. మా మరిది ఆ పక్క పార్టీ. నిన్న ఇంటి ముందరికొచ్చి నలుగురిలో అరిచిపోయినాడు, రెడ్డికి పేరు అమ్ముకున్నావా అని."

"నేనియ్యలేదు గంగక్కా. వాళ్ళే తీసుకున్నారు. నన్ను ఒక్క మాట కూడా అడగలేదు."

"నిన్ను అడగల్నా?"

"అడగల్ల గదా మల్ల! ఆరేండ్లుగా..."

"నా పేరు గదమ్మా అది," అనింది. అరవలేదు. "వాళ్ళు నిన్ను అడగలేదంటాండావు. నువ్వెవర్ని అడిగి పెట్టినావు?"

ఆమె చీర కొంగుతో చేతులు తుడుచుకోని పోయింది. చేతులకు నూనె కూడా లేదు.

నవంబర్ 18

గంగక్క రాలేదు.

ఎంత మాటనింది! ఆమె పేరు పెట్టింది ఆమెకు గౌరవమని. "నందిని ఆయిల్స్" అంటే ఎవరు కొంటారు? గంగక్క గానుగ అంటే పల్లెటూరు కనపడ్తాది, పట్నం వాళ్ళకు అదే కావాల. అందుకే పెట్టినా. ఫొటో తీసేటప్పుడు నగింది గదా, వద్దనలేదు గదా. కూలి అందరికంటే ఎక్కువే ఇస్తాండా. పండగకు చీర పెడతాండా. వాళ్ళ నాయన ఎద్దు గానుగ తోలేవాడంట, ఆ పనితనం ఆమెకుండాది, నిజమే, నువ్వులు నలుగుతాంటే ఎప్పుడు నీళ్ళు చల్లాల్నో చెయ్యి పెట్టి చెప్తాది. కానీ షెడ్డు ఎవరిది? మిషన్ ఎవరిది? ఊర్లో మాటలు పడింది ఎవరు?

పైన రాసింది చదువుకున్నా. బావ మాటలు, ప్రవీణ్ మాటలు ఒక దగ్గర పెట్టి నేను చదివినట్ల ఉండాయి.

కొట్టెయ్యను. ఉండనీ.

నవంబర్ 19

రాలేదు.

నవంబర్ 20

షెడ్డులో పని చేసే బయమ్మను పెట్టి నువ్వులు ఆడించినా. నీళ్ళు ముందే చల్లేసింది. నువ్వుల చెక్క ముద్దగా అయ్యింది, నూనె దిగలేదు, దిగిందంతా మురికి నీళ్ళు. బయమ్మను తిట్టినా. ఆమె "నేనేం గంగక్కనా తల్లీ?" అనింది. ఆ మాటకు ఇంకో నాలుగు తిట్టినా. తర్వాత పోయి తప్పైందని చెప్పినా.

నవంబర్ 21

డాట్ ఇన్ పోతే పోనీ. డాట్ కామ్ చూసినా. గంగక్క గానుగ డాట్ కామ్ ఎవరూ తీసుకోలేదు. ఆరేండ్లు ఊరికే పడుండాది.

కొనబోయినా. రిజిస్ట్రెంట్ పేరు అని ఒక గడి వచ్చింది. అంటే ఎవరి పేరు మీద అని. నందిని అని కొట్టినా. కార్డు తీసినా. నొక్కితే అయిపోతాది. ఈసారి ప్రవీణ్ కాదు, బావ కాదు, నాది, అచ్చంగా నాది.

అరగంట ఆ గడిని చూస్తా కూర్చున్నా. ఎవరి మీద కోపమో తెలీడం లేదు. లాప్‌టాప్ మూసేసినా.

నవంబర్ 23, ఆదివారం

పదకొండు గంటలకు గంగక్క ఇంటికి పోయినా. ఆరేండ్లలో వాళ్ళ ఇంటికి పోయింది రెండోసారి. గడప ముందర మంచం వాల్చి కందికాయలు ఒలుస్తాంది. రమ్మనలేదు, పొమ్మనలేదు. నేనే మంచం కొసకు కూర్చోని లాప్‌టాప్ తెరిచినా.

"ఏందమ్మా అది, సంతకానికా?"

"కాదు. నీ పేరు కొంటాండా. నీ పేరు మీద."

"నా పేరు నేను కొనల్నా?"

"ఈడ కొనాల. లేకుంటే ఎవరైనా కొంటారు."

"కొన్నారు గదా, చూస్తిమి గదా," అనింది.

ఆమె ఫోన్ నెంబరు కొట్టినా. మంచం మీద ఆమె బటన్ల ఫోన్ మోగింది. తీసుకోని దూరంగా పట్టుకోని చూసింది. అంకెలు ఆమెకు బాగా వస్తాయి, బస్తాల తూకాలన్నీ ఆమే చూస్తాది.

"ఆరు అంకెలుండాయి. ఇది నీకు చెప్తే ఏమవుతాది?"

"ఈ పేరు నీదవుతాది. ఈ పేరు కొడితే ఏ అంగడి కనపడాల్నో నువ్వు చెప్పినట్ల నడుస్తాది. ఎవరు మార్చాలన్నా నీ ఫోన్‌కే ఇట్ల నెంబరు వస్తాది. నువ్వు చెప్పకుంటే మారదు."

"చెప్పకపోతే?"

"ఊరికే పడుంటాది. ఎవరిదీ కాదు."

"నీతో కొట్లాడి, నేను పొయ్యి వేరేవాళ్ళ గానుగలో చేరితే?"

ఎలిజబెత్ మేడం నాకు చెప్పినట్ల చెప్పాలని పోయినా, ఉండేది ఉన్నట్ల. అంత నిమ్మళంగా నాకు రాలేదు. "అప్పుడూ నీదే. ఆ అంగడికి తిప్పుకోవచ్చు."

"మల్ల నీకేం మిగుల్తాదమ్మా?"

"హోస్టింగ్."

"అంటే?"

"బాడిగ గది."

నగింది. మొదట నోరు మూసుకోని, తర్వాత బాగా నగింది. లోపల్నుంచి వాళ్ళ కోడలు తొంగి చూసింది. నాకు ఏడుపొచ్చేటట్లుండె, కోపమొచ్చేటట్లూ ఉండె. ఏదీ చెయ్యకుండా తెర చూస్తా కూర్చున్నా. గడియారం సున్నా అయింది.

"అయిపోయింది," అన్నా.

"ఏం?"

"టైము. ఆ నెంబరు ఇంక పని చెయ్యదు."

"మల్ల పంపియ్యమను. ముందు ఆ కాగితంలో నా పేరు ఎట్ల రాసినావో చదువు."

"గంగక్క," అని చదివినా.

"అది మీరు పిలిచే పేరు. నా ఆధార్లో అట్లుండదు. గంగమ్మ. ఇంటిపేరు రాసినావా?"

రాయలేదు. నాకు తెలీదు. ఆరేండ్లు మూడు ఊర్లకు ఆమె పేరు అమ్మినా, ఇంటిపేరు తెలీదు. మొకమెత్తి ఆమెను చూడలేక మీటల్నే చూస్తా "ఏం ఇంటిపేరు గంగక్కా?" అని అడిగినా.

ఆమె ఒలిచే కందికాయ చేటలో వేసి, నా వైపు తిరిగి కూర్చునింది.

"గొల్లపల్లి," అనింది. "కొట్టు."

కొట్టినా. గొల్లపల్లి గంగమ్మ. మల్లొకసారి పంపించమని నొక్కినా. ఆమె ఫోన్ మోగింది. ఆమె ఒక్కో అంకె చెప్తా పోయింది, నేను కొడతా పోయినా.

రేపు పనికొస్తావా అని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.